ముందు మోచేతి మీద

ఇంద్రాణిగారు డబ్బా మూత తీసి అందులోని సున్నిపిండినంతా మెట్ల మీదుగా కిందికి గుమ్మరించింది. కింది మలుపులో మాణిక్యం నిలబడి ఉంది. పిండి ఆమె తల మీదా, భుజాల మీదా, చేతిలో ఉన్న చేమంతిపూల పొట్లం మీదా పడింది. డబ్బాని మాత్రం ఇంద్రాణిగారు పారెయ్యలేదు. మంచి స్టీలు డబ్బా. అడుగున చుక్కలతో మాణిక్యం అని పేరు కొట్టించి ఉంది. అయినా లోపలే ఉంచుకుంది.

"యాసిడ్ కలిపావా ఇందులో? ఆడపిల్ల మొహమే అది! రేపు దాని పెళ్ళి నువ్వు చేస్తావా?"

"అమ్మగారూ, నేనేటి కలిపినాను? పెసలూ, శెనగపప్పూ, బియ్యం..."

"నోర్ముయ్. నీ మొహం చూసినప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. నీకు రాని రంగు మా పిల్లకి తెప్పిస్తావా నువ్వు?"

లోపల హాల్లో శుక్రవారం పారాయణానికి వచ్చిన ఆడవాళ్ళు చదవడం ఆపారు. ఎవరో కిసుక్కున నవ్వారు. సోఫా మూల కూర్చున్న అత్తగారు నాగేశ్వరమ్మ, ఒళ్ళో వక్కాకు పెట్టె పెట్టుకుని, "ఎవరే వచ్చిందీ? ఏమిటా గోల?" అని అడిగింది. ఆవిడకి ఏదైనా చెప్పాలంటే గట్టిగా అరవాలి. అరిచే ఓపిక ఎవరికీ లేక ఎవరూ చెప్పలేదు. ఒక్కరు కూడా మెట్ల మీదికి వచ్చి మాణిక్యాన్ని 'నువ్వేం చేశావమ్మా' అని అడగలేదు. ఏడాదంతా ఆమె చేత తలంట్లు పోయించుకున్న వాళ్ళే అందరూ.

ఇది 2003 ఫిబ్రవరిలో, ఢిల్లీ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లలో జరిగింది. ఆ పిండిలో నిజంగా ఏముంది, ఎవరు వేశారు అనేది తెలుసుకుని తీరాలన్న పంతం మాణిక్యానికి ఆ మెట్ల మీదే పట్టుకుంది. పేరు పోయిందన్న బాధ కంటే అదే పెద్దది. ఎందుకంటే ఆ పిండి తన చేత్తో చేసింది. తన చేత్తో చేసినదే ఒక పిల్ల మొహాన్ని కాల్చిందంటే, ఇంక ఆ చేతుల్ని ఏం చేసుకోవాలి?

మాణిక్యానిది పార్వతీపురం వైపు. మొగుడు పాపయ్య ఒక సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో దఫ్తరీ. అంటే ఫైళ్ళు కుట్టి, కట్టి, ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోసే ఉద్యోగం. వాళ్ళది టైప్ వన్ క్వార్టరు, అన్నిటికంటే చిన్నది. ఆర్.కె. పురంలో మనిషిని చూడగానే ముందు క్వార్టరు టైపు అడుగుతారు, తర్వాతే ఏ ఊరని. ఇంద్రాణిగారిలాంటి టైప్ ఫోర్ వాళ్ళు టైప్ వన్ ఇంటికి రారు. కబురు పెడతారు. కబురు అందగానే మాణిక్యం సంచీ భుజాన వేసుకుని వెళ్ళేది.

ఆ సంచీలో కుంకుడుపొడి, మందారాకు పొడి, గోరువెచ్చగా కాచి సీసాలో పోసిన నువ్వులనూనె, రెండు సవరాలు, పక్కపిన్నులు ఉండేవి. ఢిల్లీ నీళ్ళ సంగతి ఆమెకి బాగా తెలుసు. బోరు నీళ్ళు కలిపి వదిలిన వారం ఎవరి జుట్టు చూసినా కొబ్బరిపీచే. ఆ వారం ఆఖరి చెంబు మంచినీళ్ళతో పోసుకోమనేది. తడి జుట్టుకి దువ్వెన తగలనిచ్చేది కాదు. చలికాలంలో సున్నిపిండిలోకి మీగడ, ఎండాకాలంలో పెరుగు, మొటిమలున్న పిల్లలకి గులాబీ నీళ్ళు. వాళ్ళ ఊళ్ళో పన్నీరంటారు గానీ, ఇక్కడ ఆ మాట అంటే ఫ్రిజ్‌లోంచి జున్నుముక్క తెచ్చి చేతిలో పెడతారు. అందుకని జాగ్రత్తగా 'గులాబ్‌జల్' అనేది. ఒకసారి అలా ఒక కొత్త పెళ్ళికూతురు పాలక్ పనీర్ ముక్కలు మొహానికి రుద్దుకోబోయిందని చెప్పి నవ్వించేది కూడా.

ఏ ఇంటికి వెళ్ళినా అడిగేది ఒక్కటే ప్రశ్న. "ఇది రాస్తే పిల్ల తెల్లబడుతుందా?" టీవీలో రోజూ ఒక నల్లపిల్ల క్రీము రాసుకుని తెల్లబడి ఉద్యోగం కొట్టేసే ప్రకటనలు వచ్చే రోజులు. మాణిక్యం మాత్రం, "మురికి పోద్దమ్మా. రంగు ఎక్కడికీ పోదు," అనేది. వ్యాపారానికి పనికిరాని మాట. అయినా చర్మం మెత్తబడటం కళ్ళకి కనిపించేది కాబట్టి పిలిచేవాళ్ళు. పిలిచేవాళ్ళు గానీ, ఆమె పిండిని ఆ పేరుతో పిలవడానికి సిగ్గుపడేవాళ్ళు. పంజాబీ పొరుగువాళ్ళ ముందు సున్నిపిండి అంటే పల్లెటూరుగా ఉంటుందిట. ఇంద్రాణిగారింట్లో దాని పేరు 'ఉబ్టన్'.

పెళ్ళిజడలకి, పిల్లల డాన్సు ప్రోగ్రాములకి మాణిక్యంతో పాటు భానుశ్రీ వచ్చేది. కంటోన్మెంటులో ఉండే ఒక హవల్దారు భార్య. జగిత్యాల పిల్ల. మాణిక్యం కంటే పదేళ్ళు చిన్నది. ఆమె వేళ్ళు చూస్తే జుట్టు తనంతట తానే పాయలు పడుతుందేమో అనిపించేది. జడ అల్లుతున్నంతసేపూ పాడేది. పూలజడ కుట్టడం మాణిక్యమే నేర్పింది. ఏడాది తిరిగేసరికి నేర్పినదాని కంటే బాగా కుట్టడం మొదలుపెట్టింది. మాణిక్యం దానికి మురిసిపోయింది. కొంచెం భయపడింది కూడా.

ఆ చలికాలం భానుశ్రీ కంటోన్మెంటులోని ఆడవాళ్ళ కేంద్రంలో బ్యూటీషియన్ కోర్సులో చేరింది.

"అక్కా, గీ పొల్లలు ఇంకెన్నొద్దులు నీ సున్నిపిండి రాసుకుంటరే? బ్లీచ్ జేస్తే పావుగంటల తెల్లగైతరు. నువ్వు గూడ నేర్సుకోరాదూ."

"తెల్లగా అవ్వరే, పాలిపోతారు. గోడకి సున్నం కొట్టినట్టు."

"గోడలకే సున్నం గొట్టించుకునే జమానా అక్కా ఇది!"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఆ మధ్యాహ్నమే, మాణిక్యం ఇంట్లో, కొత్తగా మర పట్టించిన సున్నిపిండిని ఇద్దరూ కలిసి జల్లించారు. ఇంద్రాణిగారి డబ్బాలోకి పిండి పోసింది భానుశ్రీ. పక్కనే నేల మీద ఆమె కోర్సు సంచీ తెరిచి ఉంది. అందులో తెల్లటి బ్లీచు పొడి ప్యాకెట్టు ఉంది.

ఇంద్రాణిగారి కూతురు నేహా అప్పుడు పన్నెండో క్లాసు. ఢిల్లీలో పన్నెండో క్లాసు ఆడపిల్లలకి స్కూలు ఫేర్‌వెల్ అంటే చిన్న పెళ్ళి. మొదటిసారి చీర కడతారు. ఎల్లుండి ఫేర్‌వెల్ అనగా మాణిక్యం మెట్ల దగ్గర ఎదురైతే నేహా ఆపింది.

"ఆంటీ, దేఖో నా, ఎన్ని పింపుల్స్! పర్సోం ఫేర్‌వెల్ హై. ప్లీజ్, కుఛ్ బతావో."

"ఏ క్రీమూ రాయకు పాపా. సున్నిపిండిలో చిటికెడు పసుపేసి, గులాబ్‌జల్‌తో కలిపి రాసుకో. పది నిమిషాలుంచి కడిగీ."

"సున్ని?"

"ఆఁ. మీ ఇంట్లోనే ఉంటాది. అడుగు."

"అచ్ఛా ఆంటీ, ఠీక్ హై!" అంటూ పిల్ల రెండేసి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రానికి నేహా రెండు బుగ్గలూ పొక్కిపోయాయి. మర్నాటికి నీరు కారడం మొదలైంది. స్కిన్ డాక్టరు చూసి, ఏదో కెమికల్ వల్ల కాలిందన్నాడు. ఏం రాసుకున్నావే అంటే, ఆంటీ చెప్పిందే రాసుకున్నానంది. ఏమైందే అంటే, ఏడుస్తూ, "హల్దీ డాల్‌తే హీ లాల్ హో గయా," అంది. పసుపు వెయ్యగానే ఎర్రగా అయిపోయిందిట. పాపం ఎర్రగా అవదూ, అంత సుకుమారమైన మొహం, అన్నారు విన్నవాళ్ళందరూ. ఫేర్‌వెల్‌కి పిల్ల వెళ్ళలేదు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారమే ఇంద్రాణిగారు డబ్బా మూత తీసింది.

మాణిక్యం ఇంటికెళ్ళే దాకా తల దులుపుకోలేదు. దులిపితే రాలిన పిండిని కాగితం మీద పట్టి, వాసన చూసి, నాలిక మీద వేసుకుంది. ఏమీ తేడా లేదు. అదే విడత పిండి ఇంట్లో ఇంకా ఉంది. దాన్ని ఒక బుగ్గకి, మెట్ల మీది పిండిని ఇంకో బుగ్గకి రాసుకుని కూర్చుంది. ఆఫీసు నుంచి వచ్చిన పాపయ్య చెయ్యి లాగి, మోచేతి లోపలి వైపు కూడా పట్టించింది.

"నాకెందుకే ఇది? ఈ వయసులో నాకు రెండో పెళ్ళి చేస్తావా?"

"కదలకు. అరగంట."

"మండితే?"

"మండాలనే చూస్తన్నాను."

మండలేదు. ఇద్దరికీ ఏమీ కాలేదు. అది ఆమెని ఇంకా కలవరపెట్టింది. మెట్ల మీద పడింది డబ్బాలో మిగిలిన పిండే కదా, పిల్ల తీసుకున్నదాన్లో ఏముందో? కలిసింది పైపైనే కలిసిందేమో?

మరవాడి దగ్గరికి వెళ్ళింది. తన పెసలకి ముందు ఎవరి సరుకు పట్టావని నిలదీసింది. "భయ్యా, సచ్ బోలో," అని అరగంట వాడి ప్రాణం తీసింది. వాడు గోధుమపిండి చేతులతో దండం పెట్టాడు. పసుపు కొన్న కొట్టువాడిని రంగు కలిపావా అని అడిగింది. వాడు తిట్టాడు. ఆ వారమంతా సాయంత్రాలు సెక్టారు మార్కెట్టులో బ్యూటీపార్లరు ఎదురుగా నిలబడి, ఇంద్రాణిగారు అక్కడికి వెళ్తోందేమో, ఆ పార్లరావిడే ఇదంతా చేయించిందేమో అని చూసింది. ఇంద్రాణిగారు వెళ్ళింది. కానీ ఆ వారం అక్కడికి వెళ్ళనిది ఎవరు?

అనుమానం చింతపిక్క లాంటిది. ఎక్కడ పడేసినా మొలకెత్తుతుంది. తిరిగి తిరిగి చివరికి అది భానుశ్రీ సంచీ దగ్గర మొలిచింది. డబ్బాలో పోసింది ఎవరు? పక్కన బ్లీచు ప్యాకెట్టు ఎవరిది? సున్నిపిండి చెడ్డపేరు తెచ్చుకుంటే లాభం ఎవరికి?

భానుశ్రీ వచ్చినప్పుడు మాణిక్యం గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"నీ ప్యాకెట్టు ఆ రోజు తెరిచి ఉందా, మూసి ఉందా?"

"ఏ ప్యాకెట్టు?"

"నీ బ్లీచు."

భానుశ్రీకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయింది. మాణిక్యం మొహం చూసి ఆగిపోయింది.

"అక్కా, నువ్వు నన్నే అంటున్నవా?"

"చెయ్యి జారిందో, కావాలని చేసినావో నాకు తెలీదు. జారితే జారిందని చెప్పు. చెప్పీస్తే మర్చిపోతాను."

"జారలే. ప్యాకెట్టు సీలు గూడ తియ్యలే. ఒట్టు, నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్టు తీసి గట్టున పెట్టు. మరి ఎలా కాలింది?"

"నాకేం ఎరుక? ఆ పొల్లను అడుగు. నన్ను తీస్కపోయి ఆ మేడం ముంగట నిలవెట్టు, నేనే అడుగుత."

"నువ్వొస్తే నిన్నే నమ్ముతారు. నీకు డిప్లమా వస్తాది. అదే నీక్కావాలి."

భానుశ్రీ లేచింది. జడకుప్పెల పెట్టె అక్కడే వదిలేసి, గుమ్మం దాటుతూ, "అక్కా అని పిల్సిన నోరు గిది. ఇగ పిలువ," అంది. ఆ ఎండాకాలం ఆమె మొగుడికి బదిలీ అయిందని కంటోన్మెంటు నుంచి ఎవరో చెప్పారు. ఏ ఊరో చెప్పలేదు. మాణిక్యం అడగలేదు. పారిపోయిందంటే చేసినట్టేగా అనుకుంది.

ఆ తర్వాత సంవత్సరాల్లో మాణిక్యాన్ని ఎరిగినవాళ్ళు ఆమెని 'అనుమానం ఆంటీ' అన్నారు. మునీర్కాలో ఒక ఇరుకు పార్లరులో కనుబొమలు తీసే పనికి కుదిరింది. అక్కడి దారం కూడా ఇంటినుంచి తనే తెచ్చుకునేది. పెసలు మరకి పంపడం మానేసి ఇంట్లో మిక్సీలో ఆడించేది. పెసలు ఏరితే ఒక్కొక్క గింజా ఏరాల్సిందే. ఎవరైనా ఇంటికి పిలిస్తే ఆమె పద్ధతి ఒక్కటే. పిండి, పసుపు, నీళ్ళు, గిన్నె, అన్నీ వాళ్ళ ముందు పెట్టి, "మీరే కలుపుకోండి, నా చెయ్యి పెట్టను," అనేది. కలిపాక, "ముందు మోచేతి మీద," అనేది. అరగంట గడిస్తే గానీ మొహం మీదికి పోనిచ్చేది కాదు. కొత్తగా వచ్చిన జుట్టు రంగులకీ అదే, ఏ క్రీముకైనా అదే. పెళ్ళివాళ్ళు విసుక్కునేవాళ్ళు. "ముహూర్తం మీ మోచెయ్యి కోసం ఆగుతుందా ఆంటీ?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె గడియారం వైపు చూస్తూ కూర్చునేది. పక్కింటావిడ పంచదార అప్పు తీర్చడానికి వస్తే గిన్నె మూత తీసి వాసన చూసేది. పాపయ్య టీ కలిపి ఇచ్చినా ముందు అతన్నే తాగమనేది.

"నేను విషం పెట్టాలనుకుంటే ముప్పై ఏళ్ళు ఆగుతానా?" అనేవాడు పాపయ్య.

"ఏమో. నీకు బద్ధకం ఎక్కువ," అనేది ఆమె.

2009 చలికాలంలో ఒకరోజు నేహా వెతుక్కుంటూ మునీర్కా పార్లరుకి వచ్చింది. మాణిక్యం ముందు గుర్తుపట్టలేదు. కుడి బుగ్గ మీద పౌడరు కింద నలిగిన కాగితంలా ఒక మచ్చ కనిపించాక గుర్తుపట్టింది. వాళ్ళు ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయి చాలా కాలమైంది. పిల్ల ఏదో కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. నిశ్చితార్థంట.

"ఆంటీ, పూలజడ వేయాలి. మీరే. వో జో నీచే తక్ ఫూల్, కిందిదాకా పూలు, వైసా."

"మీ అమ్మ పంపిందా?"

"నహీ. నేనే."

"ఎందుకు? ఇందిరాపురంలో పార్లర్లు లేవా?"

"ఉన్నాయి. సబ్ కో స్ట్రెయిటెనింగ్ హీ ఆతీ హై." పిల్ల నవ్వింది. "మీలాగా ఎవరికీ రాదు."

ఇందులో ఏదో ఉందని మాణిక్యానికి గట్టిగా అనిపించింది. పిలిచి మళ్ళీ నలుగురిలో అవమానిస్తారా? మొహానికి ఏదైనా అయితే ఈసారి పోలీసులకి పట్టిస్తారా? వెళ్ళకూడదనే అనుకుంది. అయినా వెళ్ళింది. ఆరేళ్ళుగా తనని తొలిచేస్తున్న ప్రశ్నకి జవాబు ఆ ఒక్క ఇంట్లోనే ఉందని ఆమెకి తెలుసు.

నిశ్చితార్థం రోజు పొద్దున్నే నేహా కారు పంపింది. పదో అంతస్తు ఫ్లాటు తలుపు ఇంద్రాణిగారు తీసింది. ఆవిడ జుట్టుకి గోధుమరంగు వేయించుకుంది. "ఓ, నువ్వా. పిల్ల పట్టుపట్టింది," అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. నేహా గదిలో ఒక మూల నాగేశ్వరమ్మ, ఇంకా ముసలిదై, ఒళ్ళో అదే వక్కాకు పెట్టెతో కూర్చుని ఉంది.

మాణిక్యం నేహా జుట్టు విప్పి చూసింది. కొసలు చిట్లాయి. వేడి పెట్టే యంత్రాలతో కాల్చుకున్న జుట్టు. చివర రెండంగుళాలు కత్తిరించింది. నూనె చేతితో ఒక్కసారి తడిమి, చిక్కులు కొసనుంచి పైకి తీసుకుంటూ వచ్చింది.

"ఆంటీ, ఫేస్ కో భీ కుఛ్ లగా దో. మెరవాలి."

మాణిక్యం చేతులు ఆగాయి. ఇదే అయ్యుంటుంది అనుకుంది. సంచీలోంచి డబ్బా తీసి పిల్ల ముందు పెట్టింది. "నువ్వే కలుపుకో. నేను ముట్టుకోను. ముందు మోచేతి మీద."

నేహా గిన్నెలో పిండి వేసి, పసుపు వేసి, గులాబీ నీళ్ళు పోసింది. వేలితో తిప్పింది. ఇంకా తిప్పింది. గిన్నె వెలుతురు వైపు వంచి చూసింది.

"యే లాల్ క్యోం నహీ హో రహా?"

"ఏటి?"

"ఎర్రగా అవటం లేదు కదా ఆంటీ. ఉస్ దిన్ తో హల్దీ డాల్‌తే హీ లాల్ హో గయా థా. ఎంత బాగుందో. బిల్కుల్ రోజ్ కలర్."

మాణిక్యం దువ్వెన కింద పెట్టింది.

"ఎర్రగా అయింది నీ మొహం కదా?"

"మొహం బాద్ మే. ముందు పిండి. కటోరీ మే, గిన్నెలోనే."

"పచ్చగా ఉండే పిండి ఎర్రగా ఎలా అవుద్ది?"

"పచ్చగా కాదు, వైట్. సఫేద్ పేస్ట్ థా. మీరే కదా చెప్పారు, సున్ని, ఇంట్లో ఉంటుంది, అడుగు అని. నాన్నమ్మని అడిగాను." అంటూ పిల్ల వెనక్కి తిరిగి గట్టిగా, "నాన్నమ్మా! సున్ని!" అని అరిచింది.

నాగేశ్వరమ్మ తలెత్తింది. వక్కాకు పెట్టె తెరిచి, చిన్న ఇత్తడి భరిణె తీసి, వణుకుతున్న చేత్తో ముందుకు చాచింది. "సున్నమా? ఇందా. మళ్ళీ సెగ్గడ్డ లేచిందేమిటే? పైపైన అద్దు, ఎక్కువ రాయకు. ఆ వేళా చెప్పాను, విన్నావు కాదు."

మాణిక్యం నమ్మలేదు. అంత తేలిగ్గా నమ్మే అలవాటు ఆమెకి పోయింది. అవ్వా మనవరాలూ కూడబలుక్కున్నారేమో అని కూడా ఒక క్షణం అనుకుంది. భరిణె అందుకుని, అద్దం ముందున్న సాసరులో గోటితో కాస్త సున్నం వేసి, పసుపు వేసి, చుక్క నీళ్ళతో కలిపింది. పెళ్ళికొడుక్కి దిష్టి తీసే నీళ్ళ ఎరుపు సాసరు నిండా పరుచుకుంది.

"ఇదేనా?"

"హాఁ ఆంటీ. యహీ కలర్."

"ఉబ్టన్ అని చెప్పి ఉంటే నా డబ్బాలోంచే తీసుకునేదానివా?"

"ఉబ్టన్ తో బాత్రూమ్ మే థా." నేహా సాసరు వైపు, అవ్వ చేతిలోని పెట్టె వైపు చూసింది. పిల్లకి నెమ్మదిగా అర్థమవుతోంది. "ఆంటీ, సున్నిపిండి అంటే... వహీ ఉబ్టన్?"

ఇంద్రాణిగారు అప్పుడే కాఫీ గ్లాసుతో వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. సాసరు చూసింది, అత్తగారిని చూసింది, మాణిక్యాన్ని మాత్రం చూడలేదు.

"అయిపోయిన సంగతులు ఇప్పుడెందుకు తవ్వుకుంటారు? పదకొండింటికల్లా మగపెళ్ళివారు వచ్చేస్తారు. త్వరగా కానివ్వండి," అని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మాణిక్యం జడ పూర్తి చేసింది. మధ్యలో రెండుసార్లు పాయలు తప్పి, విప్పి మళ్ళీ అల్లింది. అంతకుముందు ఎప్పుడూ ఆమెకి పాయ తప్పలేదు. భానుశ్రీ వదిలివెళ్ళిన జడకుప్పెలు ఆ రోజే మొదటిసారి సంచీలోంచి తీసి వాడింది. కాఫీ తాగకుండానే వచ్చేసింది. ఈసారి వాసన కూడా చూడలేదు.

నెల తిరక్కుండా నేహా ఆర్.కె. పురం వచ్చింది. ఆ టైప్ వన్ క్వార్టరుకి వాళ్ళింటివాళ్ళెవరైనా రావడం అదే మొదలు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. అడుగున చుక్కలతో మాణిక్యం అని ఉంది. మాణిక్యం అలవాటు కొద్దీ మూత తీసి లోపలికి చూసింది.

"ఏటుంది ఇందులో?"

"కుఛ్ నహీ ఆంటీ. మీ డబ్బా. మమ్మీ దాంట్లో పోపుగింజలు పోసుకుంది. నేను ఖాళీ చేసి తెచ్చాను." నేహా మంచం అంచున కూర్చుంది. తప్పులు పడుతున్నా తెలుగులోనే మాట్లాడాలని ప్రయత్నించింది. "నేను అందరికీ చెప్తాను ఆంటీ. ఆ పారాయణం ఆంటీలకి. ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్తాను. సున్నం అని. నా గల్తీ అని."

"వాళ్ళకెందుకు పాపా? వాళ్ళు అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ వినరు." మాణిక్యం డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "నాతో ఒక పిల్ల వచ్చేది, గుర్తుందా? భానుశ్రీ అని."

"వో... పాటలు పాడుతూ జడ వేసే ఆంటీ?"

"అదే. దాని మొగుడు ఆర్మీ. ఎక్కడికి పంపీసినారో తెలీదు. మీ నాన్నగారు గవర్నమెంటులో పెద్దోరు కదా, కనుక్కుంటారేమో అడుగుతావా?"

"పక్కా అడుగుతాను. అడ్రస్ దొరికితే మీకు తెచ్చి ఇస్తాను."

"ఇవ్వడం కాదు, నువ్వూ నాతో రావాలి," అంది మాణిక్యం. "నేనొక్కదాన్నే వెళ్ళి చెబితే అది నమ్మదు. దాని చోట నేనుంటే నేనూ నమ్మను."